ఇంగ్లీషు మేస్టారికి ఉత్తరాలు: గుడ్లింకా రాలేదంట!

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గొడవ, రిపోర్టెడ్ స్పీచ్ (ఒకరన్న మాటని ఇంకొకరికి చెప్పడం), జెరండు, పార్టిసిపులు (క్రియకి ఐఎన్‌జీ లాంటివి తగిలితే వచ్చే రూపాలు). పరీక్షలు దగ్గరపడ్డాయి కదా. పేర్లు వెయ్యొద్దని కొందరు రాశారు కాబట్టి అందరివీ తీసేసి ఊళ్ళు మాత్రం ఉంచాను. ఇంగ్లీషు వాక్యాలు ఎప్పట్లాగే తెలుగు అక్షరాల్లోనే, కాస్త పైకి చదువుకోండి, తేలిగ్గా పడతాయి.

ప్రశ్న: మేస్టారూ నమస్తే. ఆమదాలవలస దగ్గర హైస్కూల్లో ఇంగ్లీషు టీచర్ని. టెన్త్ వాళ్ళకి రిపోర్టెడ్ స్పీచ్ టేబుల్ మొత్తం కంఠతా పట్టించాను, నౌ అంటే దెన్, టుడే అంటే దట్ డే, టుమారో అంటే ద నెక్స్ట్ డే అని. పరీక్షలో బాగానే రాస్తారు. కానీ క్లాసులో పక్కవాడి మాట నాకు చెప్పమంటే "హి సెడ్ దట్ ఐ విల్ కమ్ టుమారో" అంటారు. ఎవరొస్తార్రా అంటే "వాడే మేడమ్" అంటారు! ఎక్కడ దెబ్బతింటోంది ఇది?

జవాబు: టీచరమ్మ గారూ, పిల్లలు తెలుగులో ఆలోచించి కరెక్టుగానే చెప్తున్నారు, అక్కడే ఉంది తిరకాసు. మన 'అని' మహా సౌకర్యమైన మాటండీ. అవతలివాడు అన్నది అన్నట్టు పెట్టేసి చివర 'అని' తగిలిస్తే పనైపోతుంది. "నేను రేపొస్తానని రాము చెప్పాడు" అంటే వచ్చేది రామే అని మనందరికీ తెలుసు, 'నేను' అన్న మాట అక్కడున్నా ఎవరూ తికమకపడరు, క్రియ కూడా రాము నోట్లో ఎలా ఉందో అలాగే ఉంటుంది. ఇంగ్లీషులో అలా కుదరదు. రాము మాట చెప్పే మనిషి తను ఎక్కడ నిలబడి ఉన్నాడో, ఏ రోజు చెప్తున్నాడో, తనెవరో, అన్నీ తన వైపు నుంచే లెక్క వేసుకుని మొత్తం మళ్ళీ చెప్పాలి. ఐ కాస్తా హి అవుతుంది, విల్ కాస్తా వుడ్ అవుతుంది. పిల్లలకి తెలియాల్సింది ఈ లెక్క. మీ టేబుల్ ఈ లెక్కకి ఆన్సర్లు మాత్రమే ఇస్తోంది, లెక్క ఎలా చెయ్యాలో చెప్పట్లేదు.

పైగా టేబుల్ అన్నిసార్లూ నిజం కూడా చెప్పదు. టుమారో సంగతే చూడండి. సోమవారం పొద్దున్న పలాస నుంచి అన్నయ్య ఫోన్ చేసి "ఐ విల్ కమ్ టుమారో" అన్నాడనుకోండి. అదే సోమవారం సాయంత్రం అమ్మకి చెప్తే "హి సెడ్ హి వుడ్ కమ్ టుమారో", రేపు ఇంకా రేపే కదా, మార్చడానికి ఏముంది. మంగళవారం పొద్దున్న చెప్తే "హి సెడ్ హి వుడ్ కమ్ టుడే". వచ్చే వారం ఎప్పుడో పక్కింటావిడతో ముచ్చట పెడుతుంటే అప్పుడు "హి సెడ్ హి వుడ్ కమ్ ద నెక్స్ట్ డే". ఒకటే మాటకి మూడు రూపాలు, మూడూ కరెక్టే, టేబుల్లో ఉన్నది మూడోది ఒక్కటే. పరీక్ష పేపర్లో ఎవరు ఎప్పుడు చెప్తున్నారో ఇవ్వరు కాబట్టి అక్కడ మూడోదే రాయాలని చెప్పండి, దాంతో నాకు పేచీ లేదు. పదో తరగతి ఇంగ్లీషు పేపర్ 100 మార్కులదైతే ఇందులోంచి వచ్చేవి ఏ కొన్నో, ఆ కొన్నింటి కోసం సంవత్సరమంతా డైరెక్ట్ ఇచ్చి ఇన్‌డైరెక్ట్ పుచ్చుకోవడం, చిల్లర మార్చుకున్నట్టు, ఇదే నా బాధ.

క్లాసులో చెయ్యడానికి ఒక పని చెప్తాను, ఖర్చు లేదు. మధ్యాహ్నం బెల్లుకి అరగంట ముందు ఒక పిల్లాణ్ణి వంటషెడ్డుకి పంపండి, ఆయమ్మని అడిగి రమ్మనండి ఏమైందో. ఆవిడ ఇంగ్లీషులో చెప్పదు కదా, అదే మనక్కావాలి. "గుడ్లింకా రాలేదు బాబూ, సాంబారు అయిపోనాది, పిల్లల్ని కంచాలు కడుక్కోమను" అంటుంది. వాడొచ్చి ఇంగ్లీషులో చెప్పాలి. మార్చడానికి వాడి చేతిలో ఇంగ్లీషు వాక్యమే లేదు, కాబట్టి టేబుల్ పనికిరాదు, అర్థం పట్టుకుని తనే కట్టుకోవాలి. అప్పటికప్పుడు వచ్చి చెప్తే "షి సేస్ ద ఎగ్స్ హావ్ నాట్ కమ్ యెట్, ద సాంబార్ ఈజ్ రెడీ" చాలు, సేస్ అన్నాక టెన్స్ వెనక్కి వెళ్ళక్కర్లేదు. ఇప్పుడు అసలు పాఠం. భోజనాలైపోయి, గుడ్లు తినేసి, మూడు గంటల పీరియడ్‌లో అదే పిల్లాణ్ణి లేపి పొద్దున ఆయమ్మ ఏమంది రా అని అడగండి. "షి సెడ్ ద ఎగ్స్ హేడ్ నాట్ కమ్, షి టోల్డ్ అజ్ టు వాష్ అవర్ ప్లేట్స్". గుడ్లు కడుపులో ఉన్నాయి, ఇంకా హావ్ నాట్ కమ్ అంటే వాడికే నవ్వొస్తుంది. హేడ్ ఎందుకొచ్చిందో మీరు బోర్డు మీద రాయక్కర్లేదు ఇక.

ఇంకో సంగతి, టెన్స్ వెనక్కి జరపడం అన్నిచోట్లా చట్టం కాదు. చెప్పిన విషయం ఇప్పటికీ అలాగే ఉంటే జరపకపోయినా తప్పు లేదు, "ద సైన్స్ టీచర్ సెడ్ ద ఎర్త్ గోస్ రౌండ్ ద సన్" లాంటివి పుస్తకాల్లోనే ఉంటాయి. కానీ జరపడంలో ఒక చిన్న సుఖం ఉంది. సెలవు పెట్టిన కుర్రాడి గురించి పక్కవాడు "వాడికి జ్వరమంట సార్" అంటాడు చూడండి, ఆ 'అంట'లో నాకేం పూచీ లేదు అన్న భావం ఉంది కదా. "హి సెడ్ హి హేడ్ ఫీవర్" అన్నప్పుడు కూడా కొంచెం అదే, జ్వరం నిజమో కాదో దేవుడికెరుక, వాడు అలా అన్నాడు అంతే. "హి సెడ్ హి హాజ్ ఫీవర్" అంటే నువ్వు కూడా నమ్ముతున్నావన్నమాట. ఈ తేడా పిల్లలు భలే పట్టేస్తారు, దొంగ జ్వరాలు వాళ్ళకి తెలియనివా.

ప్రశ్న: సార్, నరసన్నపేటలో ట్యూషన్లు చెప్తాను. "హి ఆస్క్డ్ మి దట్ వేర్ ఆర్ యూ గోయింగ్" ఈ ఒక్క వాక్యం వినీ వినీ విసుగెత్తిపోయింది. ఎన్నిసార్లు దిద్దినా మళ్ళీ అదే.

జవాబు: ఆ దట్ మళ్ళీ మన 'అని' అల్లరే. "ఎక్కడికెళ్తున్నావని అడిగాడు" అన్నదాన్ని మాటకి మాట దింపేస్తున్నారు. దిద్దుతూ కూర్చుంటే పోదు తమ్ముడూ, పిల్లలకి ఇంకో తెలుగు వాక్యం అందించాలి. "ఎక్కడికెళ్తున్నానో అడిగాడు." ఈ 'ఓ' ఉన్న వాక్యం మన ఇళ్ళల్లో రోజూ వినేదే, "ఎక్కడున్నాడో చూడు", "ఎంతయిందో అడుగు", "ఏ బస్సో కనుక్కో". దీన్ని పట్టుకుంటే మూడు పనులు ఒకేసారి అయిపోతాయి, అని పోయింది కాబట్టి దట్ పోయింది, నువ్వు నేను అయింది కాబట్టి యూ పోయి ఐ వచ్చింది, ప్రశ్న గుర్తు కూడా దానంతటదే రాలిపోయింది. "హి ఆస్క్డ్ మి వేర్ ఐ వజ్ గోయింగ్." అవును కాదు అని జవాబొచ్చే ప్రశ్నలకి కూడా అదే దారి, "వస్తానో రానో అడిగాడు", "హి ఆస్క్డ్ ఇఫ్ ఐ వజ్ కమింగ్". ఇలా 'వస్తానో రానో' అని ఓ జంటగా కనిపిస్తే ఇఫ్ గానీ వెదర్ గానీ.

ఇక వేర్ తర్వాత ఆర్ యూ తిరగేసే అలవాటు. దీనికి రిపోర్టెడ్ స్పీచ్ పాఠం దాకా ఆగొద్దు, ఆరో తరగతి నుంచే మొదలుపెట్టొచ్చు. "టెల్ మి వేర్ యూ లివ్", "డు యూ నో వాట్ టైమ్ ఇట్ ఈజ్", "ఐ డోంట్ నో హూ హి ఈజ్" ఇలాంటివి నోటికి ఆడేలా చెయ్యండి. ప్రశ్న ఇంకో వాక్యం కడుపులో పడగానే మామూలు వాక్యంలా సర్దుకుంటుంది అన్నది చెవికి అలవాటైపోతే టెన్త్‌లో సగం పని మిగలదు. ట్యూషన్ కాబట్టి మీకు సిలబస్ తొందర ఉండదనుకుంటున్నాను, ఉన్నా ఒక వారం ఇవ్వండి దీనికి.

ప్రశ్న: సెడ్ కి, టోల్డ్ కి తేడా ఒక్క ముక్కలో చెప్పండి. ఇంటర్ విద్యార్థి, టెక్కలి.

జవాబు: టెల్ పక్కన మనిషి ఉండాల్సిందే, సే పక్కన మనిషి కావాలంటే మధ్యలో టు పెట్టాలి. "హి టోల్డ్ మి", "హి సెడ్ టు మి". "హి సెడ్ మి" అనకు, "హి టోల్డ్ దట్" కూడా అనకు. ఎక్స్‌ప్లెయిన్ కూడా సే కులమే, "ఎక్స్‌ప్లెయిన్ మి" కాదు, "ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మి".

ప్రశ్న: గురువు గారూ, విజయనగరంలో రూమ్ తీసుకుని డీఎస్సీకి చదువుతున్నాను. మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు పడ్డా నాకు ఒక్కటి రాలేదు, ఈసారైనా కొట్టాలి. ఐఎన్‌జీ కనిపిస్తే జెరండా పార్టిసిపులా అని బుర్ర తిరిగిపోతోంది. నా దగ్గర మూడు గైడ్లున్నాయి, మూడూ మూడు రకాలుగా చెప్తున్నాయి. గుర్తుపట్టడానికి ఒక కిటుకు ఏదైనా?

జవాబు: గైడ్లు పక్కన పెట్టు బాబూ, వాక్యాన్ని మనసులో తెలుగులోకి దింపు. 'డం' వస్తే జెరండు. 'తూ' గానీ 'తున్న' గానీ వస్తే పార్టిసిపులు. "స్విమ్మింగ్ ఈజ్ గుడ్ ఫర్ హెల్త్", ఈదడం, జెరండు. "ద బాయ్ స్విమ్మింగ్ ఇన్ ద నాగావళి ఈజ్ మై బ్రదర్", నాగావళిలో ఈదుతున్న కుర్రాడు, పార్టిసిపులు. "హి కేమ్ అవుట్ ఆఫ్ ద ఎగ్జామ్ హాల్ స్మైలింగ్", నవ్వుతూ వచ్చాడు, పార్టిసిపులే. ఇది మనకి కొత్త కాదు, చిన్నయసూరి గారు 1858లో బాలవ్యాకరణం రాసినప్పుడే 'చేస్తూ' లాంటి వాటికి శత్రర్థకం అని, 'చేసి' లాంటి వాటికి క్త్వార్థకం అని పేర్లు పెట్టి కూర్చోబెట్టారు. పేర్లు చూసి భయపడకు, పని తెలిస్తే చాలు.

పేరు ముందు ఐఎన్‌జీ వచ్చినప్పుడు కాస్త జాగ్రత్త. స్లీపింగ్ బేబీ, స్లీపింగ్ పిల్. పాప నిద్రపోతోంది, మాత్ర నిద్రపోవట్లేదు కదా, నిద్రపోవడానికి వేసుకునే మాత్ర. 'డానికి' వచ్చింది, అందులో డం ఉంది, జెరండు. వెయిటింగ్ రూమ్, వాకింగ్ స్టిక్, డ్రింకింగ్ వాటర్ అన్నీ ఈ బాపతే. రన్నింగ్ వాటర్ మాత్రం పార్టిసిపులు, నీళ్ళే పరిగెడుతున్నాయి. పైకి పలికినప్పుడు కూడా తేడా వినిపిస్తుంది, వాకింగ్ స్టిక్ అన్నప్పుడు ఒత్తు వాకింగ్ మీద పడుతుంది, స్లీపింగ్ బేబీలో బేబీ మీద కూడా గట్టిగానే పడుతుంది. కాంప్లెక్స్‌లో బస్సు కోసం కూర్చున్నప్పుడు చుట్టూ బోర్డులు చూస్తూ ప్రాక్టీస్ చెయ్యి, పార్కింగ్ స్టాండ్, బుకింగ్ కౌంటర్, టైమ్ పాస్ అవుతుంది, మార్కూ వస్తుంది.

ఇంతవరకు బాగుంది కానీ ఈ కిటుకు చేతులెత్తేసే చోటొకటి ముందే చెప్పాలి, లేకపోతే పరీక్ష హాల్లో నన్ను తిట్టుకుంటావు. "ఐ సా హిమ్ క్రాసింగ్ ద రోడ్." తెలుగులో ఏమంటాం, వాడు రోడ్డు దాటడం చూశాను. డం వచ్చింది! కానీ వ్యాకరణం పుస్తకాలు దీన్ని పార్టిసిపులనే అంటాయి, ఎందుకంటే హిమ్ అన్న మనిషిని చూశాం, దాటుతూ ఉండగా చూశాం. సీ, హియర్, వాచ్, ఫైండ్, ఈ మాటల తర్వాత మనిషి, ఆ తర్వాత ఐఎన్‌జీ వస్తే కళ్ళు మూసుకుని పార్టిసిపులు అని పెట్టెయ్.

నీ మూడు గైడ్లు కొట్టుకోవడంలో వింతేం లేదు. పెద్ద పెద్దవాళ్ళే ఈ గీత గట్టిగా గియ్యలేమన్నారు. హడిల్‌స్టన్, పుల్లమ్ అని ఇద్దరు 2002లో కేంబ్రిడ్జ్ నుంచి లావుపాటి ఇంగ్లీషు వ్యాకరణం తెచ్చారు, అందులో ఈ రెంటినీ విడదియ్యడం దండగని జెరండ్-పార్టిసిపుల్ అని ఒకటే పేరు పెట్టేశారు. నా మట్టుకు వాళ్ళు చేసింది న్యాయమే అనిపిస్తుంది. డీఎస్సీ పేపర్ సెట్ చేసేవాళ్ళు ఇంకా అక్కడికి రాలేదు కాబట్టి నువ్వు విడదీసే రాయి. ఉద్యోగం వచ్చాక మాత్రం ఏడో తరగతి పిల్లలకి ఈ పేర్లతో ప్రాణం తియ్యకు, వాళ్ళకి వాక్యం చాలు.

ఇంకొక్కటి. 'చేసి' ని 'హేవింగ్ డన్' అని నేర్పించే జబ్బు మన జిల్లాల్లో బాగా ఉంది. "స్నానం చేసి, టిఫిన్ తిని, బస్సెక్కి రాజాం వెళ్ళాడు" అన్నది తెలుగులో నీళ్ళలా సాగిపోతుంది, దాన్ని "హేవింగ్ బేత్డ్, హేవింగ్ ఈటెన్ టిఫిన్, హేవింగ్ బోర్డెడ్ ద బస్" అంటే వినేవాడికి ఊపిరాడదు. "హి హేడ్ ఎ బాత్, ఏట్ హిజ్ టిఫిన్ అండ్ టుక్ ద బస్ టు రాజాం." మామూలు పాస్ట్ టెన్స్, చివర ఒక అండ్. హేవింగ్ ని రాతలో, అదీ ఒక్కసారి, ముందు పని పూర్తయ్యాకే రెండోది జరిగిందని నొక్కి చెప్పాల్సినప్పుడు వాడుకో.

ప్రశ్న: ప్రైవేట్ స్కూల్ ఇంటర్వ్యూలో "ఐ యామ్ వెరీ ఇంటరెస్టింగ్ ఇన్ టీచింగ్" అన్నాను. అందరూ నవ్వారు. ఎందుకో ఇప్పటికీ తెలియదు, అడగడానికి సిగ్గేసింది. బొబ్బిలి.

జవాబు: నువ్వు చాలా ఆసక్తికరమైన మనిషివని నువ్వే చెప్పుకున్నావు తల్లీ, అందుకు నవ్వుంటారు. నవ్వే బదులు ఒక ముక్క చెప్పి ఉంటే వాళ్ళ సొమ్మేం పోయేది కాదు. ఇలా గుర్తుపెట్టుకో, భయపెట్టే కుక్క, ఫ్రైటెనింగ్ డాగ్. భయపడ్డ కుక్క, ఫ్రైటెన్డ్ డాగ్. పెట్టేది ఐఎన్‌జీ, పడేది ఈడీ. పాఠం విసుగు పుట్టిస్తే ద లెసన్ ఈజ్ బోరింగ్, విసుగు పుట్టింది నాకు కాబట్టి ఐ యామ్ బోర్డ్. టీచింగ్ ఈజ్ ఇంటరెస్టింగ్, ఐ యామ్ ఇంటరెస్టెడ్. కన్‌ఫ్యూజింగ్, టైరింగ్, ఎక్సైటింగ్, సర్‌ప్రైజింగ్ అన్నీ ఇదే వరస.

ప్రశ్న: మేస్టారు గారికి నమస్కారాలు. మాది రాజాం. మా బాబు ఎనిమిదో తరగతి, ఇంగ్లీషు మీడియం. విజయనగరం పైడితల్లమ్మ జాతరలో సిరిమాను చూసొచ్చి స్కూల్లో పేరా రాశాడు, "ఐ ఎంజాయ్డ్ టు సీ సిరిమాను" అని. టీచర్ ఎర్ర ఇంకుతో సీయింగ్ అని దిద్దింది. ఎందుకని అడిగితే "అది అంతే" అందంట. నేను డిగ్రీ చదివాను గానీ నాకూ తెలియదు. ఎప్పుడు టు, ఎప్పుడు ఐఎన్‌జీ?

జవాబు: అమ్మా, టీచరమ్మ అన్నదాంట్లో సగం నిజం ఉంది. కొన్ని క్రియలు ఐఎన్‌జీనే అడుగుతాయి, ఎంజాయ్, ఫినిష్, అవాయిడ్, మైండ్, కీప్, సజెస్ట్. కొన్ని టు నే అడుగుతాయి, వాంట్, హోప్, డిసైడ్, అగ్రీ, రెఫ్యూజ్, ప్రామిస్. అయితే మొత్తం గుడ్డిగా బట్టీ పట్టక్కర్లేదు, ఇంకా జరగని పని వైపు చూసే మాటలు ఎక్కువగా టు వైపు వెళ్తాయి, వెళ్ళాలని ఉంది, వెళ్ళాలని నిర్ణయించుకున్నాను, ఈ 'ఆలని' వస్తే టు పెట్టమనండి, చాలావరకు సరిపోతుంది. ఎంజాయ్ చెయ్యాలంటే ఆ పని జరుగుతూ ఉండాలి, సిరిమాను కళ్ళెదుట ఊగుతుంటేనే కదా ఆనందం, సీయింగ్. సజెస్ట్ ఒక్కటి మాత్రం ఈ లెక్కకి లొంగదు, దాన్ని విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే.

అసలు మజా ఉన్నవి రెండూ పట్టేవి. స్టాప్ తీసుకోండి. "హి స్టాప్డ్ డ్రింకింగ్ టీ", టీ తాగడం మానేశాడు. "హి స్టాప్డ్ టు డ్రింక్ టీ", టీ తాగడానికి ఆగాడు. చీపురుపల్లి దారిలో బండి ఆపి టీ తాగినవాణ్ణి మొదటి వాక్యంతో చెప్తే పాపం వాడు జన్మలో టీ ముట్టడని అర్థం. రిమెంబర్ ఇంకోటి. "ఐ రిమెంబర్ లాకింగ్ ద డోర్", తాళం వేసినట్టు గుర్తు. "రిమెంబర్ టు లాక్ ద డోర్", తాళం వెయ్యడం మర్చిపోకు. బాబుతో ఇంట్లోనే ఆడించండి, మీరు తెలుగులో అనండి, వాడు ఇంగ్లీషులో అనాలి, వారం తిరిగేసరికి మీకే వచ్చేస్తుంది.

ఇంకో చిన్నది, పెద్దవాళ్ళకి కూడా. ఉద్యోగాల అప్లికేషన్ల చివర "ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు హియర్ ఫ్రమ్ యూ" అని రాసి పంపుతుంటారు. అక్కడ టు వెనక హియరింగ్ రావాలి. ఆ టు వేరే టు, "లుకింగ్ ఫార్వర్డ్ టు ద హాలిడేస్" లో ఉన్న టు.

ప్రశ్న: అయ్యా, నేను విజయనగరం గంటస్తంభం దగ్గర ఉంటాను, రిటైరయ్యాను. మీ కాలమ్ క్రమం తప్పకుండా చదువుతాను. ఒక్కటి నచ్చదు. ఇంగ్లీషు చెప్పడానికి ప్రతిదానికీ తెలుగు ఎత్తుతారేమిటి? ఇంగ్లీషుని ఇంగ్లీషులోనే చెప్పాలి. మా రోజుల్లో క్లాసులో తెలుగు మాట వస్తే బెత్తం పడేది.

జవాబు: నమస్కారమండీ. బెత్తంతో మీకు ఇంగ్లీషు వచ్చింది, సంతోషం. రానివాళ్ళు ఉత్తరాలు రాయరు కదా, అందుకని వాళ్ళ లెక్క మనకి అందదు.

మీ ఊళ్ళో చదువుకున్న గిడుగు రామమూర్తి గారి సంగతి మీకు నేను చెప్పడం ఏమిటి గానీ, మిగతా పాఠకుల కోసం చెప్తున్నాను. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు, విజయనగరం మహారాజా వారి స్కూల్లో గురజాడ అప్పారావు గారితో కలిసి చదివారు, పర్లాకిమిడిలో మేస్టారయ్యారు. అక్కడి గిరిజనులైన సవర వాళ్ళ భాష ఆయనకి రాదు, నేర్చుకున్నారు, ఆ భాషలో వాచకాలు రాసి సవర పిల్లలకి వాళ్ళ మాటలోనే చదువు చెప్పించారు, 1931లో సవర భాషకి ఇంగ్లీషులో వ్యాకరణం కూడా అచ్చయింది. మేస్టారు పిల్లాడి భాష నేర్చుకోవడం అన్నమాట. ఇప్పటికీ సీతంపేట వైపు బళ్ళలో సవర పిల్లాడికి ఇంట్లో సవర, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. వాడికి 'అని' ఉదాహరణ కూడా పరాయి భాషే, అక్కడి టీచర్లకి నా కిటుకులు సగమే పనికొస్తాయి, అది ఒప్పుకోవాల్సిందే.

మీరన్నదాంట్లో ఒకటి మాత్రం నేనూ కాదనను. పీరియడ్ అంతా తెలుగులో రూల్ చెప్పి, చివర రెండు వాక్యాలు ఇంగ్లీషులో రాయించేస్తే అది తెలుగు క్లాసే అవుతుంది. నేను అడిగేది రెండు నిమిషాల తెలుగు. తికమక ఎక్కడ పుడుతోందో ఆ ఒక్క ముక్క వాళ్ళ మాటలో, అదీ పుస్తకం తెలుగులో కాదు, "ఏటి సేస్తన్నావు" అని ఇంట్లో అనే మాటలో చెప్పేసి, మిగతా పీరియడ్ అంతా వాళ్ళచేత ఇంగ్లీషు మాట్లాడించడం. వంటషెడ్డు ఆట చూశారు కదా, అందులో టీచరు తెలుగు మాట్లాడేది ఎక్కడుంది చెప్పండి.

ప్రశ్న: "వాకింగ్ టు ద స్టేషన్, ద రెయిన్ స్టార్టెడ్" తప్పంటారు. నాకు బాగానే అనిపిస్తోంది. పాలకొండ.

జవాబు: "స్టేషన్‌కి నడుస్తూ వాన మొదలైంది" అనండి పైకి. బాగుందా? లేదు కదా, నడిచేది వానా ఏమిటి అనిపిస్తుంది. నడిచేవాడు ఒకడు, మొదలయ్యేది ఇంకొకటి అయినప్పుడు మనం చక్కగా "నడుస్తుంటే వాన మొదలైంది" అని మార్చేస్తాం. ఇంగ్లీషులో కూడా మార్చాలి, "వైల్ ఐ వజ్ వాకింగ్ టు ద స్టేషన్, ద రెయిన్ స్టార్టెడ్". 'తూ' పెట్టి చూసి చెవికి గుచ్చుకుంటే ఐఎన్‌జీ అక్కడ పెట్టకండి. 'ఇ' తో మాత్రం ఈ పరీక్ష చెయ్యొద్దు, "వాన పడి చెరువు నిండింది" మనకి బాగానే ఉంటుంది, ఇంగ్లీషులో ఉండదు.

ప్రశ్న: సార్ నేను టెన్త్ చదువుతున్నాను, కోటబొమ్మాళి. రాజు సెడ్ టు మి, "లెట్ అజ్ గో టు అరసవిల్లి". దీన్ని ఇన్‌డైరెక్ట్‌లో ఎలా రాయాలి? మా ఫ్రెండ్ "రాజు టోల్డ్ మి టు లెట్ అజ్ గో" అని రాశాడు. నేను "రాజు సజెస్టెడ్ మి టు గో" అని రాశాను. ఎవరిది కరెక్ట్ సార్, పందెం కట్టుకున్నాం.

జవాబు: పందెం డబ్బులు ఎవరిది వాళ్ళు తీసేసుకోండి నాన్నా, ఇద్దరిదీ కాదు. మీ ఫ్రెండ్ రాసినదాంట్లో రాజు మిమ్మల్ని పర్మిషన్ అడుగుతున్నట్టుంది, వెళ్ళనివ్వండి బాబూ అని. నువ్వు సజెస్ట్ అన్న మాట పట్టుకున్నావు, దానికి శభాష్, వెళ్దాం అన్నది సలహాయే. కానీ సజెస్ట్ పక్కన మి టు గో నిలబడదు, ఇందాక రాజాం అమ్మగారికి చెప్పినట్టు అది ఐఎన్‌జీ అడిగే క్రియ, లేదా దట్ పెట్టాలి. పరీక్షలో "రాజు సజెస్టెడ్ టు మి దట్ వి షుడ్ గో టు అరసవిల్లి" అని రాయి. వి ఎందుకంటే వెళ్ళేవాళ్ళలో నువ్వూ ఉన్నావు. రాజు ఆ మాట నీతో కాకుండా రవితో అనుంటే అది దే అయ్యేది. ఇంట్లో అమ్మకి చెప్పేటప్పుడైతే "రాజు సజెస్టెడ్ గోయింగ్ టు అరసవిల్లి" అంటే చాలు, చిన్నగా ఉంటుంది.